గంట మోగని బడులు: కొన్ని విశేషాలు

రేడియోలో లెక్కల పాఠం

అంటువ్యాధి వచ్చి బడులు మూస్తే పిల్లలకు ఇంట్లోనే పాఠాలు వినిపించడం 2020లో పుట్టిన ఆలోచన కాదు. 1937 సెప్టెంబరులో అమెరికాలోని షికాగోలో పోలియో విజృంభించింది. వేసవి సెలవులు అయ్యాక తెరవాల్సిన బడులను మూడు వారాల పాటు తెరవలేదు. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే మూడు లక్షల పైచిలుకు పిల్లలకు ఆ రోజుల్లో ఊళ్లోని రేడియో స్టేషన్లే బడులయ్యాయి. ఒక్కో పాఠం పావుగంట. ఏ తరగతికి ఎన్ని గంటలకు ఏ పాఠమో, పిల్లలు ఏమేం రాయాలో పొద్దున్నే పత్రికల్లో అచ్చయ్యేది. తల్లిదండ్రుల సందేహాలు తీర్చడానికి టీచర్లను ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో రేడియో లేని పిల్లలు, స్టేషన్ సరిగా పలకని వాడల పిల్లలు, పాఠం పరిగెడుతుంటే అందుకోలేని పిల్లలు వెనకబడుతున్నారని అప్పుడే గమనించారు. మరో 83 ఏళ్లకు ఇదే మాట స్మార్ట్‌ఫోన్ గురించి చెప్పుకోవలసి వచ్చింది.

మూయకుండా ఉంచినవారూ ఉన్నారు

అదే షికాగో 1918లో ప్రపంచాన్ని ఊపేసిన ఇన్‌ఫ్లూయెంజా సమయంలో బడులు మూయలేదు. న్యూయార్క్ కూడా మూయలేదు. ఇరుకు గదుల్లో పదిమంది కిక్కిరిసి ఉండే ఇళ్ల కంటే, గాలీ వెలుతురూ ఉండి నర్సులు రోజూ ఒళ్లు తడిమి చూసే బడే పిల్లలకు క్షేమమని ఆ నగరాల ఆరోగ్యాధికారులు వాదించారు. అమెరికాలో మిగతా నగరాలు చాలావరకు మూసేశాయి.

160 కోట్ల మంది

కరోనా వల్ల 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయారని యునెస్కో లెక్క. ప్రపంచంలో చదువుకునేవారిలో నూటికి 90 మంది పైనే అన్నమాట. మన దేశంలో 15 లక్షల బడులు, 24.7 కోట్ల పిల్లలు. అంగన్‌వాడీకి వెళ్లే చిన్నారులు మరో 2.8 కోట్ల మంది. వీళ్ల ఊసు ఆ రోజుల్లో ఎవరూ పెద్దగా ఎత్తలేదు.

అందరికంటే ఎక్కువ కాలం

పూర్తిగానో కొంతమేరకో బడులు మూసి ఉంచిన కాలాన్ని యునెస్కో దేశాలవారీగా లెక్కగట్టింది. మొదటి స్థానం ఉగాండాది, 83 వారాలు. భారతదేశం 82 వారాలతో దాని వెనకే ఉంది. ఉగాండాలో 2020 మార్చిలో మూతపడిన బడులు పూర్తిగా తెరుచుకున్నది 2022 జనవరి 10న.

కెన్యా వేరే దారి పట్టింది. 2020 విద్యా సంవత్సరాన్నే లెక్కలోంచి తీసేస్తున్నట్టు జులైలో ప్రకటించింది. 2021లో పిల్లలు పాత తరగతిలోనే మళ్లీ కూర్చున్నారు. జారిపోయిన కాలాన్ని సర్దడానికి సెలవులు కుదించి, టర్ములు కుదించి, 2023 జనవరికి గానీ కేలండర్ మామూలు దారిలో పడలేదు. మనం కేలండర్‌ను ఆపలేదు. పిల్లల్ని పై తరగతికి పంపించాం. ఏది మేలన్నది తేలని ప్రశ్నే గానీ, పై తరగతికి పంపాక కింది తరగతి పాఠం ఎవరు చెబుతారన్న సంగతి మాత్రం అప్పుడే ఆలోచించాల్సింది.

ముందు ఎవరు రావాలి?

ఐరోపాలో బడులు మొదట తెరిచిన దేశం డెన్మార్క్, 2020 ఏప్రిల్ 15న. పిలిచింది చిన్న తరగతుల పిల్లల్ని. ఎండ ఉంటే పాఠాలు ఆరుబయటే. స్వీడన్ అయితే పదహారేళ్లలోపు పిల్లల బడులను అసలు మూయనేలేదు. అక్కడ ఒకటి నుంచి మూడు తరగతుల పిల్లల చదివే శక్తిని తర్వాత పరీక్షిస్తే తగ్గుదల కనిపించలేదు.

మన దగ్గర వరస తిరగబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నవంబరు 2న మొదట పిలిచింది తొమ్మిది, పది, ఇంటర్ వాళ్లను. తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న తొమ్మిదో తరగతి, ఆ పైవాళ్లను. పరీక్షలు దగ్గర పడుతున్నవాళ్లు ముందు రావాలన్న వాదన అర్థం చేసుకోదగ్గదే. కానీ పదో తరగతి పిల్ల పుస్తకం తీసుకుని తనంతట తాను నాలుగు పేజీలు చదువుకోగలదు. ‘క’కు గుడి ఇస్తే ఏమవుతుందో ఇంకా తెలియని ఆరేళ్ల పిల్లాడు అలా చదువుకోలేడు. అందరికంటే ఎక్కువగా టీచర్ అవసరమైనవాడు అందరికంటే చివర బడికొచ్చాడు.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే ప్రకారం గ్రామాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్లు 2018లో 36.5 శాతం. 2021కి 67.6 శాతం. మూడేళ్లలో దాదాపు రెట్టింపు. పిల్లల చదువు కోసం అప్పు చేసి కొన్న ఫోన్లు వాటిలో ఎన్నో. కానీ అదే సర్వే ఇంకో ప్రశ్న కూడా అడిగింది: ఇంట్లో ఫోన్ ఉంది సరే, అది పిల్లల చేతికి వస్తుందా? ఫోన్ ఉన్న ఇళ్లలోనే నూటికి 26 మంది పిల్లలకు అది ఎప్పుడూ దొరకదని తేలింది.

కారణం ఊహించడం కష్టం కాదు. తాపీ పనికో, ఆటో తోలడానికో నాన్న బయల్దేరితే ఫోనూ ఆయనతోనే పోతుంది. రాత్రి ఇంటికొచ్చాక మొదటి వంతు పదో తరగతి అక్కది. డేటా మిగిలితే ఎనిమిదో తరగతి అన్నది. ఒకటో తరగతి చెల్లెలి దాకా వంతు రాదు.

2021 ఆగస్టులో ఆర్థికవేత్తలు జాన్ డ్రెజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద వాడల్లో దాదాపు 1,400 మంది పిల్లల్ని కలిశారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు నూటికి ఎనిమిది మంది. అసలేమీ చదవనివాళ్లు 37 మంది.

టీవీ, మైకు, మట్టిగోడ

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పని సప్తగిరి చేసింది. కేరళ ‘ఫస్ట్ బెల్’ పేరుతో జూన్ 1నే మొదలుపెట్టేసింది. టీవీ కూడా లేని చోట్ల టీచర్లే ఉపాయాలు వెతికారు. జార్ఖండ్‌లోని దుమ్కా జిల్లాలో ఒక బడి ఊరి కూడళ్లలో మైకులు కట్టి పాఠాలు చెప్పింది. అదే జిల్లా డుమర్‌థర్ గ్రామంలో ఇళ్ల మట్టిగోడల మీద నల్లబల్లలు రాయించారు. ఎవరి ఇంటి ముందు వాళ్లు, ఎవరి బల్ల దగ్గర వాళ్లు. మాస్టారు మధ్యలో నడుస్తూ చెప్పేవారు. ఈ దేశంలో ఆన్‌లైన్ తరగతుల మీద ఖర్చు చేసిన శ్రద్ధలో సగం ఇలాంటి గోడల మీద పెట్టి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

బడితో పాటు ఆగింది అన్నం కూడా

మధ్యాహ్న భోజనం మీద ఆధారపడిన పిల్లలు దేశంలో సుమారు 12 కోట్లు. బడులు మూసిన కొద్ది రోజులకే, 2020 మార్చి 18న, సుప్రీంకోర్టు తనంతట తానే ఈ విషయం చేపట్టి, ఆ భోజనం సంగతి ఏం చేస్తున్నారని రాష్ట్రాలను అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, కోడిగుడ్లు, వేరుశనగ చిక్కీలు ఇళ్లకు చేర్చారు.

పాత చదువూ జారిపోయింది

బడి లేకపోతే కొత్త పాఠం రాదు, అంతేకదా అనుకున్నారు చాలామంది. 2021 జనవరిలో అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం ఐదు రాష్ట్రాల్లోని 1,137 ప్రభుత్వ బడుల్లో 16,067 మంది పిల్లల్ని పరిశీలించింది. రెండు నుంచి ఆరో తరగతి వాళ్లు. ఏడాది కిందట తమకు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి మరిచిపోయినవాళ్లు 92 శాతం. లెక్కల్లో అలా మరిచిపోయినవాళ్లు 82 శాతం. బొమ్మ చూసి నాలుగు మాటలు చెప్పడం, తెలిసిన మాటలు చదవడం, రెండంకెల సంఖ్య గుర్తుపట్టడం వంటివే మరిచారు. ఇవన్నీ వాడకంలో ఉంటేనే నిలిచేవి.

ఒకటో తరగతి చూడకుండానే మూడో తరగతి

ఇక్కడ కాస్త ఆగాలి.

ముందు చెప్పిన అసర్ సర్వే తీరు చాలామందికి తెలియదు. వాలంటీరు ఇంటికే వస్తారు. పిల్లల ముందు ఒక కాగితం పెడతారు. దాని మీద విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. ముందు పేరా చదవమంటారు. గడగడా చదివేస్తే కథ ఇస్తారు. తడబడితే మాటలకు దిగుతారు, అవీ రాకపోతే అక్షరాలకు. ఐదు అక్షరాల్లో నాలుగు గుర్తుపడితే అక్షరాలు వచ్చినట్టే. మార్కులూ ర్యాంకులూ లేవు, అరుగు మీద కూర్చుని పది నిమిషాల పని.

2022లో ఆ కాగితం ముందు కూర్చున్న మూడో తరగతి పిల్లలెవరు? 2020 జూన్‌లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్నవాళ్లు. తెలంగాణలో వీళ్లకు బడి తలుపు తెరుచుకునేసరికి 2021 సెప్టెంబరు వచ్చింది, అప్పటికే రెండో తరగతి. 2022 జనవరిలో మూడో వేవ్‌కు మళ్లీ మూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో చిన్న తరగతులు మొదలైనా ఏప్రిల్‌లో ఆగిపోయి, మళ్లీ ఆగస్టు 16కు గానీ తెరుచుకోలేదు.

దేశం మొత్తం మీద మూడో తరగతిలో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం ఉంటే 2022లో 20.5కు పడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కు. తెలంగాణలో 18.1 నుంచి 5.2కు. అంటే తెలంగాణ పల్లెల్లో ఇరవై మంది మూడో తరగతి పిల్లలుంటే ఆ చిన్న కథ చదవగలిగింది ఒక్కరు. మంచి చదువుకు పేరున్న కేరళలోనూ 52.1 నుంచి 38.7కు జారింది. మన రెండు రాష్ట్రాల అంకెల్లో నన్ను ఎక్కువగా కలచివేసేది 2018 నాటిది. కరోనా రాకముందే ఐదుగురిలో నలుగురు ఆ కథ చదవలేకపోయారు. జబ్బు పాతదే. కరోనా దాన్ని ముదరబెట్టింది.

లెక్కల్లో దెబ్బ ఇంత గట్టిగా తగల్లేదు. 41లోంచి 13 తీసేయమంటే పక్కనున్న పదిని అప్పు తెచ్చుకోవాలి కదా, ఆ తీసివేత వచ్చిన మూడో తరగతి పిల్లలు దేశంలో 28.2 శాతం నుంచి 25.9కు తగ్గారు.

భయపడింది జరగలేదు

బడులు తెరిచేసరికి లక్షలాది పిల్లలు చదువు మానేసి ఉంటారని అందరూ భయపడ్డారు. గ్రామాల్లో 6 నుంచి 14 ఏళ్ల మధ్య ఏ బడిలోనూ పేరు లేని పిల్లలు 2018లో 2.8 శాతం. 2022లో 1.6 శాతం. తగ్గారు! సర్కారు బడుల్లో చేరినవాళ్లు 65.6 శాతం నుంచి 72.9కు పెరిగారు. ఫీజులు కట్టలేక కొందరు, ఊళ్లోని చిన్న ప్రైవేటు బడి మూతపడి కొందరు వచ్చారు. 2024కు అది మళ్లీ 66.8కి దిగింది. సర్కారు బడి మెట్లెక్కి వచ్చిన ఆ తల్లిదండ్రులను నిలుపుకోలేకపోయాం.

రెండు వేలు, పాతిక కిలోల బియ్యం

జీతాలు ఆగిపోయిన ప్రైవేటు టీచర్లు కూరగాయల బళ్లు పెట్టారు, ఉపాధి హామీ పనికి పలుగూ పారా పట్టుకెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ప్రకటించింది. అది మంచి పనే. అయితే ఆ బడుల్లో కొన్నింటికి తిరిగి వెళ్లడానికి టీచర్లు మిగల్లేదు.

పరీక్షలు లేని రెండేళ్లు

2020లోనూ 2021లోనూ రెండు తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. అందరూ పాసే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పరీక్ష పెట్టారు. పాసైనవాళ్లు 67.26 శాతం. 2019లో అది 94.88. రెండు లక్షల మందికి పైగా తప్పారు. వాళ్లు ఎనిమిదో తరగతి పరీక్షా రాయలేదు, తొమ్మిదో తరగతి పరీక్షా రాయలేదు. తిన్నగా పబ్లిక్ పరీక్షకు వచ్చి కూర్చున్నారు.

తెలంగాణలో ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లను పరీక్ష లేకుండానే రెండో ఏడాదికి పంపి, 2021 అక్టోబరులో పాత పరీక్ష పెట్టారు. డిసెంబరులో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. ఊరూరా ఆందోళనలు జరిగాయి. చివరికి తప్పినవాళ్లందరికీ కనీస మార్కులు వేసి గట్టెక్కించారు.

మంచి ఇంటర్నెట్ ఉన్నా

నెదర్లాండ్స్‌లో బడులు మూసింది ఎనిమిది వారాలే. ఇంటింటికీ వేగమైన ఇంటర్నెట్ ఉన్న దేశం. సుమారు మూడున్నర లక్షల మంది ప్రాథమిక విద్యార్థుల పరీక్షలు చూస్తే ఏడాది చదువులో అయిదో వంతు పోయింది. దాదాపు బడి మూసినంత కాలపు చదువూ పోయినట్టే. తల్లిదండ్రులకు పెద్దగా చదువు లేని ఇళ్లలో ఆ నష్టం 60 శాతం దాకా ఎక్కువ.

పద్నాలుగు వారాలు ఏడాదిన్నర అయింది

2005 అక్టోబరు 8న పాకిస్తాన్ ఉత్తర ప్రాంతంలో భూకంపం వచ్చింది. బడులు సగటున 14 వారాలు నడవలేదు. తర్వాత ప్రభుత్వ సాయం బాగానే అందింది, ఇళ్లు కట్టుకున్నారు, బడులు తెరిచారు. నాలుగేళ్ల తర్వాత పరిశోధకులు వెళ్లి చూస్తే పెద్దవాళ్ల జీవితాలు కోలుకున్నాయి. భూకంపరేఖకు దగ్గరి ఊళ్ల పిల్లలు మాత్రం చదువులో ఏడాదిన్నర వెనకబడి ఉన్నారు.

మూడు నెలల మూత అంత వెనకబాటుకు ఎలా దారి తీసింది? తిరిగొచ్చిన పిల్లాడికి మాస్టారు ఆ తరగతి పాఠమే చెప్పుకుంటూ పోతే వాడికి అది అందదు. అందని పాఠం మీద మరుసటేడు పాఠం. అలా ఏటికేడు దూరం పెరిగిందన్నది ఒక వివరణ. ఇంకొక్క సంగతి: తల్లి కనీసం ప్రాథమిక చదువు పూర్తిచేసిన ఇళ్ల పిల్లల్లో ఈ నష్టం కనిపించలేదు.

కళ్లద్దాలు

చైనాలోని ఫెయ్‌చెంగ్‌లో లక్షా ఇరవై మూడు వేల మంది పిల్లల కళ్లు పరీక్షించారు. ఆరేళ్లవాళ్లలో హ్రస్వదృష్టి అంతకుముందు ఏ ఏడూ 5.7 శాతం దాటలేదు. 2020లో 21.5 శాతం. ఎండలో ఆడుకోకపోవడం ప్రధాన కారణమని అనుమానం.

పుస్తెలు పడ్డ బడిపిల్లలు

బాల్యవివాహ నిషేధ చట్టం కింద దేశంలో నమోదైన కేసులు 2019లో 523. 2020లో 785. ఫిర్యాదు దాకా వచ్చినవి మాత్రమే ఇవి. రోజూ హాజరు పిలిచే టీచర్‌కు ఏ అమ్మాయి రాలేదో తెలుస్తుంది. హాజరు పట్టీయే లేనప్పుడు ఆ కన్ను మూతపడింది.

కొందరికి ఊరట

అమెరికాలో బడులు మూసిన నెలల్లో తోటి పిల్లల వేధింపుల గురించి గూగుల్‌లో వెతకడం 30 నుంచి 40 శాతం తగ్గింది. బడులు తెరిచిన చోట మళ్లీ పెరిగింది. బడి తెరవడంతోనే పని అయిపోలేదని చెప్పే విషయం ఇది.

వారానికో ఫోన్

ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో సుమారు 4,500 కుటుంబాల మీద ఒక ప్రయోగం జరిగింది. కొందరికి వారం వారం ఎస్‌ఎంఎస్‌లో నాలుగు చిన్న లెక్కలు పంపారు. కొందరికి ఎస్‌ఎంఎస్‌తో పాటు టీచర్ 15, 20 నిమిషాలు ఫోన్ చేసి, తల్లిదండ్రుల పక్కనే పిల్లలతో మాట్లాడి లెక్క చేయించారు. ఉత్త ఎస్‌ఎంఎస్ వల్ల పెద్ద ఫలితం లేదు. ఫోన్ చేసిన చోట పిల్లలకు లెక్కలు వచ్చాయి. స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, బటన్ల ఫోన్ చాలు. తర్వాత భారత్, కెన్యా, నేపాల్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లోనూ ఇదే చేసి చూస్తే ఫలితం నిలిచింది.

గడప దగ్గరికి చదువు

2021 అక్టోబరులో తమిళనాడు ‘ఇల్లం తేడి కల్వి’ ప్రారంభించింది. ఊళ్లో చదువుకున్నవాళ్లు, ఎక్కువగా ఆడవాళ్లు, సాయంత్రం గంటా గంటన్నర తమ వీధి పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివించేవారు. నెలకు 1,000 రూపాయల గౌరవ వేతనం. సుమారు రెండు లక్షల మంది ముందుకొచ్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, మౌరీసియో రొమేరోలు ఆ రాష్ట్రంలో 19,000 మంది పిల్లల్ని పరీక్షించి చూశారు. బడులు తెరిచిన ఆరు నెలల్లో పోయిన చదువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. అందులో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు బడుల వల్లే. పోయిన చదువు ఇక రాదని చేతులెత్తేసినవాళ్లందరూ ఈ అంకె చూడాలి.

కేంద్రం 2021 జులైలో ‘నిపుణ్ భారత్’, తెలంగాణ 2022 ఆగస్టులో ‘తొలిమెట్టు’ కార్యక్రమాలను మొదలుపెట్టాయి. పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది పక్కనపెట్టి, వాడికి ఏం వచ్చో అక్కడి నుంచి చెప్పాలన్న మాట సర్కారు ఉత్తర్వుల్లో గట్టిగా వినిపించింది.

ఆ పిల్లలు ఇప్పుడు

2024 సర్వే నాటికి మూడో తరగతిలో కథ చదవగలిగినవాళ్లు దేశంలో 27.1 శాతం, అంటే 2018 స్థాయికి చేరినట్టే. తీసివేత వచ్చినవాళ్లు 33.7 శాతం, 2018 కంటే మెరుగు. కరోనా ఏడాది ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు అప్పటికి ఐదుకు వచ్చారు. వాళ్లలో రెండో తరగతి కథ చదవగలిగినవాళ్లు 48.8 శాతం. మిగతా సగం మంది ప్రాథమిక బడి దాటి హైస్కూలు మెట్లెక్కేశారు. అక్కడ గుణింతాలు నేర్పే పీరియడ్ టైంటేబుల్‌లో ఉండదు. 2030 మార్చిలో వాళ్లకు పదో తరగతి పరీక్షలు.